పొయ్యి చెప్పిన ఇరవై రెండు

“ఇరవై రెండు డిగ్రీలు,” అంటూ గదిని వెచ్చబరిచే కట్టెపొట్టు గుళికల పొయ్యి మీది అంకెను ఒట్టావియో వేలితో చూపించాడు. “నీకింకా చలేమిటే?”

కిటికీ పక్కన కోటు తొడుక్కుని లేసు అల్లుతున్న అతని భార్య ఇల్దే తలెత్తలేదు.

“ఆ అంకెను ఇటు విసురు మహానుభావా, కప్పుకుంటాను. లేదంటే రేపే బస్సెక్కి కింద లోయలో చెల్లెలింటికి పోతాను. మంచు కరిగాకే వస్తాను.”

ఆమె నోరు మూయించాలని ఒట్టావియో పొయ్యి వెనక చుట్టగా పడి ఉన్న, గది వేడిని కొలిచే సెన్సర్ తీగను లాగి, దాని కొసను ఆమె కుర్చీకి కట్టి, గర్వంగా నిలబడ్డాడు. అంకె దిగుతూ పోయి పద్నాలుగు దగ్గర ఆగింది. పని అయిపోయిందని ఆరిపోయిన పొయ్యి మళ్ళీ గుర్రుమంటూ అంటుకుంది.

“యంత్రం చెడిపోయింది,” అన్నాడు.

“అవును పాపం. మొక్కజొన్న పోలెంటా తిని నీలాగే పొయ్యిని ఆనుకుని కూర్చుంది. లోకమంతా వెచ్చగా ఉందనుకుంది.”

అతను వంగి కిటికీ సందు దగ్గర చెయ్యి పెట్టాడు. చటుక్కున తీసేశాడు.

“పోయిన చలికాలం ఎక్కడ కూర్చున్నావు?”

“ఇక్కడే.”

“చెప్పొచ్చు కదా.”

“చెప్పాను. ముసలితనం అన్నావు.”

ఒట్టావియో వంగినవాడు వంగినట్టే ఉండి, తీగ ముడిని ఇంకాస్త బిగించాడు.