అమ్మ వేలు

చెన్నకేశవరావు ఇంటికి చెవి అక్కర్లేని తాళం వచ్చింది.

వేలు ఆనిస్తే తెరుచుకుంటుంది. తలుపు మూస్తే దానంతటదే పడిపోతుంది. ఎవరు తీశారో పేరుతో సహా ఫోనులో చెబుతుంది. జగ్గయ్యపేటలో ఆ వీధికి అదే మొదటిది.

పట్టుబట్టి కొనిపించింది ఆయన భార్య కృష్ణప్రియ. కారణం ఎదురింటి దేవమణి.

దేవమణి కూతురు సూసన్ ఊళ్ళో టీచరు. ఎదురింట్లో అద్దెకు దిగి ఎంతోకాలం కాలేదు. కూతురు బడికెళ్ళగానే దేవమణి వీధి మెట్టు మీద కూర్చునేది. మొహం మాత్రం ఎప్పుడూ వీళ్ళ గుమ్మం వైపే.

ఒకరోజు అడిగింది కూడా.

"పగలంతా మీ అత్తగారు ఒక్కరే ఉంటారా అండీ?"

కృష్ణప్రియకి అనుమానం పుట్టింది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పొద్దున్నే బజార్లోని కిరాణా కొట్టుకి పోతారు. ఇంట్లో అత్తగారు బాలామణి ఒక్కతే. ముక్కూ మొహం తెలియని మనిషికి ఆ ఆరా ఎందుకు?

అంతే, తాళం మారిపోయింది. ఎన్నో ఏళ్ళుగా బాలామణి బొడ్లో వేలాడిన తాళాల గుత్తి మూలకి చేరింది.

"ఇది తియ్యడం నీకు రాకపోతే చెప్పమ్మా, పగలు నువ్వూ కొట్టుకొచ్చి కూర్చో. లేదంటే నందిగామలో చెల్లి దగ్గరుండు" అన్నాడు చెన్నకేశవరావు. అమ్మ మీద ప్రేమతోనే అన్నాడు.

కాపరానికొచ్చిన ఇల్లు వదిలి ఇంకోచోట ఉండటమంటే బాలామణికి ప్రాణం పోయినంత పని. తనకి వచ్చేస్తుందని గట్టిగా చెప్పింది.

తాళం బిగించిన రోజునే కొట్టుకి సరుకు లారీ వచ్చింది. కృష్ణప్రియ తన వేలు, భర్త వేలు ఎక్కించి పరుగెత్తింది. అత్తగారి వేలు సంగతి కొట్లో కూర్చుని ఫోనులోనే కానిచ్చింది. లైటు వెలిగినప్పుడల్లా వేలు ఆనించమంది. ఎర్రలైటే వస్తోందంటే, చేతులు కడుక్కుని రమ్మని విసుక్కుంది. కాసేపటికి పని అయిపోయింది.

ఎవరి వేలని ఫోను అడిగింది. 'అమ్మ' అని కొట్టింది కృష్ణప్రియ.

తాళంతోపాటు వచ్చిన రెండు ఇనప చెవుల్నీ బీరువాలో బంగారం పక్కన దాచింది. ఇంటి చెవులు రెండూ ఇంట్లోనే, మహా భద్రంగా ఉన్నాయి.

అది మొదలు మధ్యాహ్నమయ్యేసరికి ఫోను మోగేది. 'అమ్మ తలుపు తీసింది.' చెన్నకేశవరావు కొట్టుకొచ్చిన వాళ్ళందరికీ చూపించి మురిసిపోయేవాడు. మా అమ్మ బడికెళ్ళలేదు గానీ చూశారా అనేవాడు.

ఎదురింటావిడ మాత్రం మెట్టు మీద కూర్చోవడం మానలేదు. కృష్ణప్రియ ఉండబట్టలేక ఒక సాయంత్రం అనేసింది.

"మా గుమ్మం మీరు చూడక్కర్లేదండీ. ఫోను చూసుకుంటుంది."

దేవమణి నవ్వింది. "మంచిదేనమ్మా" అంది.

వేసవి మొదట్లో సూసన్‌కి నందిగామ బదిలీ అయింది. సామాను వ్యాను ఎక్కించి, దేవమణి కొట్టుకొచ్చింది చెప్పి వెళ్దామని.

"ఒక తాళం చెవి ఆ చుట్టుపక్కల ఎవరి దగ్గరన్నా ఉంచండమ్మా. పెద్దావిడకి ఇబ్బంది లేకుండా ఉంటది."

పోతూ పోతూ కూడా మా తాళం మీదే ధ్యాస అనుకుంది కృష్ణప్రియ. సరేనని తలూపి మళ్ళీ బేరంలో పడింది. కూర్చోమని కూడా అనలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఫోను మోగలేదు.

ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. కృష్ణప్రియ ఆటో ఎక్కింది.

వీధంతా ఎండ. తలుపు మూసే ఉంది. బాలామణి ఎదురింటి మెట్టు మీద, తలమీద చెంగు కప్పుకుని, గోడకి చేరగిలబడి ఉంది. పక్కనే ఎండలోంచి తీసిన వడియాల చేట. వాటికోసం బయటికొస్తే వెనకాల తలుపు పడిపోయింది.

కృష్ణప్రియ తన వేలితో తలుపు తీసి, అత్తగారిని పొదివి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. ఫ్యాను కింద కూర్చోబెట్టి మజ్జిగ తాగించింది. ఆవిడ కాస్త తేరుకున్నాక గుమ్మం దగ్గరికి నడిపించి వేలు ఆనించి చూసింది.

ఎర్రలైటు.

చెంగుతో తుడిచి పెట్టింది. ఇంకో వేలు పెట్టింది. ఎర్రలైటే.

"మొన్నటిదాకా రోజూ తీశారుగా అత్తయ్యా?"

బాలామణి అరచేతులు చాపింది. సగం జీవితం కొట్టు వెనక గదిలో చింతపండు గింజలు తీసిన చేతులు. వేళ్ళ కొసలు నున్నగా ఉన్నాయి, ఒక్క గీతా మిగల్లేదు. ఇన్నేళ్ళూ ఒకే ఇంట్లో ఉండి ఆ చేతుల్ని తను చూడనే లేదని కృష్ణప్రియకి ఏడుపొచ్చింది.

"మొదటిరోజు నుంచీ ఇంతేనే అమ్మాయ్. చెబితే మీరు నన్ను ఈ ఇంట్లో ఉండనివ్వరని, మీకు చెప్పొద్దని మాట తీసుకున్నా."

"ఎవరి దగ్గర? మరి ఫోనులో రోజూ 'అమ్మ' అని పడిందే, ఆ తలుపు తీసిందెవరు?"

బాలామణి కళ్ళు తుడుచుకుని ఎదురింటి ఖాళీ మెట్టు వైపు చూసింది.

"నేను గడప దాటితే చాలు, చేతిలో పని వదిలేసి వచ్చేది పాపం."

ఏ మనిషికి భయపడి కృష్ణప్రియ ఆ తాళం కొనిపించిందో, 'అమ్మ' పేరుతో ఇన్నాళ్ళూ అందులో ఉన్నది ఆ మనిషి వేలే.