బిగుసుకున్న టైమర్

"టైమర్ మీట బిగుసుకుపోయిందమ్మా. పాత వాషింగ్ మెషిన్ కదా, ఎవరూ ముట్టుకోమంటున్నారు," అంది వసుంధర.

మెకానిక్ నిర్మల పనిముట్ల సంచి దించింది. శంషాబాద్‌లో ఈ అపార్ట్‌మెంటు పేరు వినగానే కావాలనే ఈ రిపేరుకు ఒప్పుకుంది. తొమ్మిదేళ్ల కింద ఇక్కడే, గేటు ముందు, నగ పోయిందని, ఇంట్లో పనిచేసే తన తల్లి అనంతమ్మ కొంగు ముడిని అందరి ఎదుటా విప్పి వెతికింది ఈ వసుంధరే.

నిర్మల టైమర్ మూత తీసింది. పళ్లచక్రాల మధ్య రవ్వల ముక్కుపుడక ఇరుక్కుని ఉంది. మీట పక్క సందులోంచి జారి, ఇన్నాళ్లకు చక్రానికి అడ్డుపడింది.

వసుంధర ముఖం పాలిపోయింది. "అయ్యో! ఆ రోజు తలంటుకుంటూ తీసి, మెషిన్ మీద పెట్టానేమో..."

"యాదికొచ్చిందా? నేను అనంతమ్మ బిడ్డను."

వసుంధర గొంతు తగ్గింది. "ఎవరితోనూ అనకమ్మా. అది నువ్వే ఉంచేసుకో."

"ఉంచుకుంటే మా అమ్మ నిజంగనే దొంగైతది, మేడం."

నిర్మల పుడకను అక్కడే వదిలి మూత బిగించింది. స్క్రూడ్రైవర్ తీసి వసుంధర అరచేతిలో పెట్టింది.

"అమ్మను తోల్కొస్త. ఆ రోజు చూసినోళ్లందర్నీ పిలువు. ఆళ్ల ముంగట, మా అమ్మ కొంగు విప్పిన చేత్తోనే ఈ మూత విప్పు."