మోచేతి అతుకు

ల్యాబ్ బెంచీ మీద పక్కన కూర్చున్న ముసలామె అతని మోచెయ్యి పట్టుకుంది.

"ఈ కోటు ఎవరిచ్చారు నాయనా?"

అతను విదిలించుకున్నాడు. పాత బ్యాటరీలు కరిగించే ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని అతనిది. ఒంటిమీది కోటు కూడా విప్పకుండా, భోజనం గంటలో పరీక్షకు రక్తం ఇవ్వడానికి పరిగెత్తుకొచ్చాడు.

"కంపెనీ ఇచ్చింది. నీకెందుకు?"

"ఒళ్లు లేవట్లేదు కదూ? పొద్దున్నే కాళ్లు ఈడుస్తున్నావు కదూ?"

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు. రక్తంలో సీసం ఎంతుందో పరీక్ష చేయించుకో. డాక్టర్లు వాళ్లంతట వాళ్లు రాయరు."

కౌంటరులో గుమస్తా తలెత్తాడు.

"వచ్చినప్పుడల్లా ఇదే గోల. రక్తం ఇచ్చావుగా, ఇక నడువు. జనం బుర్రలు తినకు."

ఆమె చేతిసంచి అందుకుని లేచింది. చిరిగినచోటల్లా ఆకుపచ్చ దారంతో చిన్న చిన్న గళ్లుగా కుట్టిన సంచి. తలుపు దాకా వెళ్లడానికి రెండుసార్లు గోడ పట్టుకుంది. ఒక్కడూ లేవలేదు.

"ఆ కోటు ఇంటికి తీసుకెళ్లకు. మీ ఆవిడ చేత ఉతికించకు," అంది.

"ముందు నీ చీర ఉతుక్కో పో," అన్నాడతను.

బెంచీ అంతా నవ్వింది.

ఎనిమిది నెలల నీరసం అతనిది. సూపర్‌వైజర్ దానికి ఒళ్లుబద్ధకం అని పేరు పెట్టాడు. కంపెనీ డాక్టరు నాడి కూడా పట్టకుండా ఐరన్ మాత్రలు రాసిచ్చాడు.

రిపోర్టులు వచ్చాయి. షుగర్ లేదు. థైరాయిడ్ బాగుంది. రక్తం కాస్త తక్కువ, అంతే.

సూపర్‌వైజర్ కాగితాలు అతని మొహాన కొట్టాడు.

"పెళ్లికొడుకులా ఉన్నావటగా. మరి పార ఎందుకు లేవట్లేదు?"

"నిజంగానే లేవట్లేదు సార్."

"నెలాఖరులోగా రోగం పేరు పట్టుకురా. లేదా గేటు బయట పడుకో, కావలసినంత విశ్రాంతి."

పేరు ఎక్కడ దొరుకుతుంది? ముసలిదాని మాట ఒక్కటే మిగిలింది. ఆమెను తిట్టుకుంటూనే వెళ్లి సీసం పరీక్షకు రక్తం ఇచ్చాడు.

ఆ రిపోర్టు చేతికిచ్చేటప్పుడు గుమస్తా గొంతు తగ్గింది.

"ఉండాల్సినదానికి పన్నెండింతలు. ఇవాళే పెద్దాసుపత్రికి వెళ్లు."

"ఆ ముసలమ్మ వస్తోందా?"

"పోయింది. పది రోజులైంది. కిడ్నీలట." గుమస్తా సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు. "ఆమెది కూడా వచ్చింది. తీసుకెళ్లేవాళ్లు లేరు."

అందులోనూ సీసమే.

"ఆవిడ ఏ ఫ్యాక్టరీలో చేసింది?"

"ఫ్యాక్టరీయా? గడప దాటని మనిషి. వంటా, మొగుడి బట్టలుతకడం, అంతే. ఆ మొగుడూ పోయాడు."

అతను ఇంటికి పరిగెత్తబోయాడు. కాళ్లు సాగలేదు. నడిచాడు.

భార్య పెరట్లో తొట్టి ముందు కూర్చుని ఉంది. కోటు నీళ్లలో ఉంది. నీళ్లు నల్లగా ఉన్నాయి.

"వదులు దాన్ని. చేతులు కడుక్కో."

"ఏమైందిప్పుడు? నాకే ఒళ్లు లేవక చస్తుంటే నీ అరుపులొకటి. మోచేతి దగ్గర అతుకు ఊడుతోంది, ఆరాక కుట్టాలి."

"నువ్వు వేసిందేగా అది?"

"నేనా? మనింట్లో ఆకుపచ్చ దారం ఎక్కడుంది? కంపెనీ ఇచ్చిన రోజే ఉంది."

అతను కోటు పైకెత్తి మోచెయ్యి చూశాడు.

ఆకుపచ్చ దారం. చిన్న చిన్న గళ్లు.

ఆ రోజు ల్యాబ్‌లో ఆమె పట్టుకున్నది, ఏళ్ల తరబడి తన చేతులతో ఉతికి, ఆరేసి, చిరిగినచోట కుట్టిన తన మొగుడి కోటు.