మూడో సీటు

"ఇంకో జానెడు వెనక్కి జరపాలి," అన్నాడు డ్రైవరు. "వాడివి పొడుగు కాళ్ళు."

ఫిట్టర్ వెల్డింగ్ అద్దం పైకెత్తాడు. నేల మీదున్న ఇనుప సీటు చట్రంలో కూర్చుని కాళ్ళు చాపి చూసుకున్నాడు. "నాకు సరిపోయింది. చాలదూ?"

"నీకు సరిపోతే ఎవడికి కావాలయ్యా! వాడికి సరిపోవాలి."

డ్రైవరు ఇంటి వెనక రేకుల షెడ్డు నిండా ఒక పాత లారీ. సైన్యంలో ఉన్న రోజుల్లో డ్రైవరు నడిపిన బండి అది. ఎన్నో ఏళ్ళ తరువాత తుక్కు వేలంలో కనిపిస్తే, బానెట్ మీద తను వేయించిన అతుకుని బట్టి పోల్చుకుని ఇంటికి ఈడ్పించుకొచ్చాడు. అప్పటికి సీట్ల కింద ఎలుకలు పిల్లాపాపలతో కాపురం చేస్తున్నాయి. సొంత వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియని మనిషి, ఆ ఇంజన్లో ఏ నట్టు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెబుతాడు. మూసుకోకపోయినా పెద్ద తేడా లేదు. చూపు బాగా మందగించింది.

బండి బాగుచేస్తున్నారని విని ఫిట్టర్ వచ్చింది చలికాలంలో. గేటు దగ్గర నిలబడి డ్రైవరు ముఖంలోకే చాలాసేపు చూశాడు. "ఏం, పని కావాలా?" అని డ్రైవరు అడిగితే, "ఆఁ, పనే," అన్నాడు. అప్పటినుంచీ నాగా లేకుండా వస్తున్నాడు. బ్రేకులు, వైరింగు, తుప్పు పట్టిన నేల రేకు, ఆకుపచ్చ రంగు, అన్నీ ఇద్దరూ పోట్లాడుకుంటూనే పూర్తి చేశారు. మిగిలింది క్యాబిన్లో కొత్తగా పెట్టే మూడో సీటు.

కూతురు టీ తెచ్చింది. "నాన్నా, ఇలాంటి బండికి పాత రూపమే విలువట. సీటు పెడితే ఎవరూ మొహం కూడా చూడరట."

"చూడమని ఎవరు బతిమాలారు? అమ్మడానికా ఇది?"

దేనికో ఆమెకి తెలుసు. రోజుకోసారి చెబుతూనే ఉంటాడు. ఆ రోజు వంతూ కానిచ్చాడు.

"బండి నిండా దెబ్బలు తిన్నవాళ్ళు. బయల్దేరుతుంటే ఇంకొకణ్ణి మోసుకొచ్చారు, కొన ఊపిరితో ఉన్నాడు. వెనక కాలు పెట్టే చోటు లేదు. నా పక్కన మావాడు, నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు. 'దిగరా, వీళ్ళని దింపి మళ్ళీ వస్తా' అన్నాను. కిక్కురుమనకుండా దిగాడు. నేను దాటగానే వెనక వంతెన కూలిపోయింది."

"తరువాత వాడి సంగతి కనుక్కోలేదా డ్రైవరుగారూ?" ఫిట్టర్ తలెత్తకుండా అడిగాడు.

"అడిగితే ఏం చెబుతారోనని భయం. ఆ భయంతోనే బతుకంతా వెళ్ళిపోయింది."

"ఆనాడు మీరు చేసింది తప్పేం కాదు."

"దింపడం తప్పని నేనన్నానా? అడక్కపోవడం తప్పు." డ్రైవరు ఆ చట్రం మీద చెయ్యి వేశాడు. "ఇంకో సీటుంటే దింపేవాణ్ణే కాదు. అందుకే ఇది. పక్క సీట్లో దెబ్బ తిన్నవాడు, వెనక ఈ సీట్లో మావాడు. ఎవరూ దిగక్కర్లేదు."

"వాడికి మీ మీద కోపముంటే?"

"తిట్టనీ. కొట్టనీ. ఎక్కి కూర్చుంటే చాలు."

ఫిట్టర్ పానా తీసుకుని తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడుస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం అతను కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే కూతురు వెనకే వచ్చింది. "బాబాయ్, మీకు పుణ్యముంటుంది, ఆ బండి స్టార్ట్ కానివ్వకండి. నాన్నకి నిన్నా నేడూ కలిసిపోతున్నాయి. ఆ కుర్రాడింకా అదే వయసుతో అక్కడే నిలబడి ఉన్నాడనుకుంటున్నారు. బండి కదిలితే నిజంగానే బయల్దేరతారు."

"చక్రాల కింద దిమ్మలు తీయనులేమ్మా. సీటు బిగించాక ఆయనకో మాట చెప్పాలి. అది వింటే ఎక్కడికీ వెళ్ళనంటాడు."

"ఏం మాట?"

"ముందు సీటు కానివ్వు," అన్నాడు ఫిట్టర్. మసి ఎంత రుద్దినా వదలడం లేదు.

సీటు బిగించిన రోజు డ్రైవరు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఫిట్టర్ బండి ముందుకొచ్చి స్టార్టింగ్ హ్యాండిల్ వేసి తిప్పాడు. బండి దగ్గింది, మూలిగింది, నల్లటి పొగ కక్కింది. నాలుగోసారికి షెడ్డు రేకులు అదిరేలా అందుకుంది. కూతురు భయపడిన మాట నిజమే గానీ, ఆ చప్పుడు వినగానే ఆమెకీ కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఫిట్టర్ క్యాబిన్లోకి ఎక్కి మూడో సీట్లో కూర్చున్నాడు. కాళ్ళు సరిగ్గా పట్టాయి. ముందుకి వంగి, డ్రైవరు భుజం మీద చెయ్యి వేశాడు.

"డ్రైవరుగారూ, మీకో మాట చెప్పాలి."

డ్రైవరు తల తిప్పాడు. "అందులో కూర్చున్నావేమిటయ్యా? లే లే. అది వాడిది. వాడు ఎదురు చూస్తున్నాడు, చోటుండాలి. నువ్వు దిగు."

ఫిట్టర్ నోరు తెరిచాడు. ముసలాయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా వెలిగిపోతోంది. ఆ ఆనీఆనని చూపు గేటు దాటి, వీధి దాటి, ఎక్కడో నిలబడిన ఒక కుర్రాణ్ణి చూస్తోంది. ఆ కుర్రాణ్ణి ఆయన దగ్గర్నుంచి లాక్కోవడానికి ఫిట్టర్‌కి మనసొప్పలేదు.

"సరే," అని తలుపు తీసుకుని, నెమ్మదిగా నేల మీద కాలు పెట్టాడు.

ఇంకొకరికి చోటిచ్చి అతను ఆ లారీ దిగడం అది రెండోసారి.