గోపయ్య పోగు

మోదుగాకుల్లో కట్టిన మాంసం పొట్లంతో అంజన్న వాకిట్లో అడుగు పెట్టగానే సుక్కమ్మ చేతిలోని చేట కింద పడేసి లేచింది.

"నిలబడు గక్కడనే," అంది.

అతను నిలబడ్డాడు. తల వంచుకొని, రెండు చేతుల్లో పొట్లం పట్టుకొని. ఏటేటా ఇంతే. ఆమె ఆ పొట్లం లాక్కొని వీధిలోకి విసిరేస్తుంది. గొంతు పోయేదాకా తిడుతుంది. అతను వచ్చిన దారినే వెళ్ళిపోతాడు. డిండి వాగు పక్కనున్న ఆ ఊరికి అది అలవాటైపోయింది.

ఒకప్పుడు ఆ మాంసం కోసం ఇల్లంతా ఎదురుచూసేది. జొన్నకోతలు కాగానే ముగ్గురు గుట్టలెక్కేవారు. సుక్కమ్మ భర్త గోపయ్య, అతని చిన్ననాటి దోస్తు అంజన్న, సుక్కమ్మ తమ్ముడు బీరన్న. అమ్మానాన్నలు పోయాక బీరన్నను ఇంటికి తెచ్చుకొని సాకింది గోపయ్యే. మూడు రోజుల వేట. రెండు కుక్కలు, అంజన్నకున్న మందు కూరే తుపాకి, మూటలో జొన్నరొట్టెలు, ఎర్రకారం. అడవిపంది పడితే వాగు ఇసుకలోనే మంటేసి కాల్చేవారు. కార్జం నిప్పుల మీద వేసి, ఉప్పు చల్లి, ముగ్గురూ ఒకే ఆకులో తినేవారు. మిగతాది ఎవరి వాటా వాళ్ళకు పోగులు వేసుకొనేవారు. గోపయ్య పోగుతో పాటు ముచ్చట్లు కూడా మోసుకొచ్చేవాడు. అవి వింటూ కూతురు పుష్పమ్మ అతని ఒళ్ళోనే నిద్రపోయేది.

పంతొమ్మిది వందల యాభై అయిదులో, ఇంకా మంచు విడవని ఒక పొద్దున, పంది వెంటపడి ముగ్గురూ తలో దిక్కు అయ్యారు. పొద కదిలింది. తుపాకి పేలింది. పొదలోంచి గోపయ్య కేక వినిపించింది.

కట్టెలకు గొంగడి కట్టి ఇంటికి మోసుకొచ్చేసరికి ప్రాణం ఉంది. సుక్కమ్మ నీళ్ళు తాగించింది. ఆమెతో రెండు మాటలు మాట్లాడి, మధ్యాహ్నానికి పోయాడు.

తుపాకి అంజన్నది. లైసెన్సు అతని పేరు మీదే ఉంది. పందనుకొని నేనే కొట్టిన అని నల్లగొండ కోర్టులో ఒప్పుకున్నాడు. రెండేళ్ళు జైల్లో ఉండి వచ్చాడు. మళ్ళీ తుపాకి ముట్టలేదు. వలలు పట్టుకొని పక్కూరి వాళ్ళతో పోతాడు. సొంత ఊరి వాళ్ళు అతన్ని వేటకు రానివ్వరు. పెళ్ళి పంక్తిలో పక్కన కూర్చోరు. అయినా ఏటా వేట పడగానే గోపయ్య పోగు ముందుగా తీసి ఈ వాకిట్లోకి తెస్తాడు.

ఒక్క ఏడు మాత్రం సుక్కమ్మ మాట్లాడకుండా అందుకొంది. ఆ ఏడు మేత లేక బీరన్న గొర్లను తోలుకొని కృష్ణ ఒడ్డుకు పోయాడు. ఇంట్లో కూరానారా లేక తీసుకొని ఉంటుందిలే అన్నారు ఇరుగుపొరుగు. మరుసటేడు మళ్ళీ మొదటికొచ్చింది.

ఈసారి కులపెద్ద గుర్వయ్య కూడా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పుష్పమ్మకు పంతొమ్మిదేళ్ళు. ఆమెను మేనమామ బీరన్నకే ఇవ్వాలన్నది గోపయ్య ఉన్నప్పటి మాట. సుక్కమ్మ ఏటికేడు వాయిదా వేస్తోంది. ఈ పగ తెగితే గాని ఆ ఇంట్లో శుభం జరగదని, వచ్చే నెలలో లగ్గం పెట్టి అంజన్నను కూడా పంక్తిలో కూర్చోబెడదామని గుర్వయ్య నచ్చజెప్పబోయాడు. గడప మీద కూర్చున్న బీరన్న గొంగడి అంచు దారాలు పీకుతూ వింటున్నాడు.

సుక్కమ్మ పొట్లం లాక్కొని విసిరింది. ఆకులు విచ్చుకొని మాంసం దుమ్ములో పడింది. కుక్కలు పరుగెత్తుకొచ్చాయి.

"ఒక్క ఆకుల తిన్నరు గద. నమ్మి ఎంట తీస్కపోయిండు గద. నేనే సంపిన అని నా మొఖం చూసి ఒక్క మాట చెప్పనీకె నోరు రాదా?"

"కోర్టుల చెప్పిండు గద సుక్కమ్మా," అన్నాడు గుర్వయ్య. "జైలుకు గూడ పోయొచ్చె."

"కోర్టు ముచ్చట నాకెందుకు. నాకు చెప్పలే."

ఆమె మెడనరాలు ఉబ్బాయి. తిన్న కూడు ఒంటబట్టొద్దంది. కన్ను మూస్తే గోపయ్య నెత్తురే కనబడాలంది. ఆ చేతులు కట్టెల్లా ఎండిపోవాలంది. అంజన్న కదల్లేదు. చివరికి బీరన్న లేచి గొర్ల దొడ్డి వైపు వెళ్ళిపోయాడు. గుర్వయ్య కండువా దులుపుకొని లేచాడు. అంజన్న వాగు దారి పట్టాడు. సుక్కమ్మ వాకిట్లోనే కూలబడింది.

లోపలి నుంచి అంతా విన్న పుష్పమ్మకు ఒళ్ళు మండిపోయింది. నువ్వసలు మనిషివేనా అని తల్లి ముఖం మీదే అడిగి, అంజన్న వెనక పరుగెత్తింది. వాగు దారిలో అందుకొంది.

"పెదనాయినా, ఇగ మా ఇంటికి రాకు. తెల్వక చేసిన తప్పాయె, దానికి జైలుకు గూడ పోతివి. ఇంకెన్నేండ్లు పడతవు గీ తిట్లు? మా అమ్మది రాతిగుండె. నా లగ్గం గూడ కానిస్తలేదు."

"వచ్చే నెల ఖాయమేనా?" అని అడిగాడు అంజన్న.

అమ్మ ఒప్పుకోకపోయినా గుర్వయ్య తాత చేసి తీరుతానన్నాడని చెప్పింది.

అంజన్న ఆగి ఆమె వైపు తిరిగాడు. జైలు నుంచి వచ్చాక మొదటిసారి, ఆ పిల్ల కళ్ళలోకి సూటిగా చూశాడు.

"మీ అమ్మ ఒక్కనాడు గూడ నన్ను తిట్టలే బిడ్డా, గడప మీద కూసున్న మీ మామను తిట్టింది, ఆ పొద్దు తుపాకి పేలింది ఆని చేతులనే."