గోరంత బొమ్మ

మా అమ్మాయి తన ఫోను నా ముందుకి చెయ్యి చాచి పట్టుకుంది. తనూ అల్లుడూ కలిసి తయారుచేసిన వీడియో గేమ్‌కి ముఖచిత్రం ఇవాళ తేలాలి. తను పిల్లిని గీసింది, అల్లుడు డ్రాగన్‌ని గీశాడు. రెండు రోజులుగా ఇద్దరి మధ్యా మాటల్లేవు.

“నాన్నా, గేముల స్టోర్‌లో ఇది గోరంతే కనిపిస్తుంది. ఒక్క క్షణం చూసి ఏముందో చెప్పు.”

“గుమ్మడికాయా?”

అల్లుడు కిసుక్కున నవ్వి, తన బొమ్మ చూపించాడు.

“ఇది ఆరేసిన దుప్పటి.”

ఈసారి అమ్మాయి పకపకా నవ్వింది.

“మీ ఆయన దుప్పటి మీద నీ గుమ్మడికాయ పెట్టి చూడవే.”

ఇద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కుని, పోట్లాడుకుంటూ గీశారు.

“ఇప్పుడు చూడండి, మామయ్యా.”

“డ్రాగన్ నెత్తిన పిల్లి. భలే ఉంది!”

అమ్మాయి నన్ను అనుమానంగా చూసింది. “కంటి ఆపరేషన్ అయ్యాక సూదిలో దారం కూడా ఎక్కిస్తున్నావు కదా, నాన్నా?”

“టీ తాగుతారా?” అంటూ లేచాను.