విమానం దిగేలోపల

"ఇంకోసారి చూడండి సార్. దీనికేం జబ్బు లేదు," అన్నాడు అంతోని.

డాక్టర్ బాలసుందరం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఆ రక్తాన్నే ల్యాబులో రెండుసార్లు చూశారయ్యా. గ్లాండర్స్. గుర్రాల నుంచి మనుషులకీ అంటుకునే జబ్బు. సూది వేసి చంపెయ్యాలని చట్టం. ఉత్తర్వు కూడా వచ్చేసింది."

చెన్నై దగ్గర ఎన్నూరు రోడ్డు పక్కనున్న ఆ గుర్రపుస్వారీ స్కూలు నుంచి ఆసియా క్రీడలకు వెళ్లే జంపింగ్ జట్టుకి రెండు గుర్రాలు ఎంపికయ్యాయి. భరణి ఎక్కే నీలాంబరి ఒకటి, జెబరాజ్ ఎక్కే రాజా ఒకటి. ప్రయాణానికి ముందు పరీక్ష తప్పదు కాబట్టి పోయిన వారం రెండింటి రక్తమూ తీశారు. రాజాకి ఏమీ లేదని వచ్చింది. ఎనిమిదేళ్లు తన చేత్తో మేపిన నీలాంబరికే ఎందుకు రావాలో అంతోనికి అర్థం కావడం లేదు.

"రక్తం తీసిన్నాడు దగ్గింది, నిజమే సార్. ఈడ కరెంటు ప్లాంటు బూడిదకి నేనూ దగ్గతా ఉండా. పొద్దున మేతలో ఒక్క పరక మిగల్చలా ఇది."

"జబ్బు లోపలుంటుంది అంతోనీ," అన్నాడు కోచ్ కోదండరాం. ఆయన కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "ఆలస్యమైతే జట్టునే ఆపేస్తారు. భరణికి ఎట్లా చెప్పాలో అదే తెలీటం లేదు."

భరణి అప్పుడు ఢిల్లీ శిబిరానికి విమానంలో వెళ్తోంది. ఫోన్ ఆపేసి ఉంది.

"సాయంత్రం దాకా ఆగగలను," అన్నాడు డాక్టర్. "ఆ అమ్మాయి వీడియోలో అయినా ఒకసారి చూసుకుంటుంది."

అంతోని తల అడ్డంగా ఊపాడు. "వద్దు సార్. పాప తట్టుకోలేదు. విమానం దిగేలోపల అయిపోనీండి."

డాక్టర్ ఇచ్చిన తొడుగులు వేసుకోకుండా ఉత్తి చేతుల్తోనే కళ్లెం పట్టుకున్నాడు. నీలాంబరి అతని భుజం మీద మూతి ఆనించింది. సూది పడిన రెండు నిమిషాల్లో మోకాళ్ల మీద కూలిపోయింది. తల్లిని పూడ్చిన రోజు కూడా అంతోని అంతగా ఏడవలేదు.

గంట తర్వాత భరణి ఫోన్ చేసింది.

"నీలాంబరి పోయింది పాపా. రిపోర్టులో జబ్బని వచ్చింది. నువ్వు చూడకూడదని నేనే తొందరపెట్టినా."

"ఎవరి పేరు మీద వచ్చింది?"

"నీలాంబరి పేరు మీదే. రాజాకి ఏం లేదు."



"అది దగ్గతా ఉంటే, జట్టులోంచి తీసేస్తారని భయపడినా అన్నా," అంది భరణి. "రక్తం సీసాల మీద రెండిటి పేర్లూ తారుమారు చేసింది నేనే."